తొమ్మిదో తరి మీద చారలు

బ్యాండేజీ గుడ్డ అనగానే మీకు ఆసుపత్రి గుర్తుకు రావచ్చు. నాకు మాత్రం అన్నం గుర్తుకొస్తుంది. తమిళనాట రాజపాళయం నుంచి సత్రపట్టికి వెళ్ళే దారిలో, గాయాలకు కట్టే పల్చటి గుడ్డ నేసే ఒక కంపెనీలో ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా ఉండి, రెండేళ్ళ కిందట దిగిపోయాను. టైపు మిషను మీద వేళ్ళు అరగదీసుకుంటూ మొదలుపెట్టిన ఉద్యోగం, కంప్యూటరులో ఫోటోలు చిన్నవి చేసే పనితో ముగిసింది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఒక ఫోటోను ఒక రకం ఫైలు నుంచి ఇంకో రకానికి మార్చి, బరువు తగ్గించి, నెట్‌లోకి ఎక్కించడం మీకు చిటికె వేసినంత పని. నాకూ అంతే అయింది. ఆ చిటికెతోనే ఒక మనిషి కళ్ళు పోగొట్టాను. నిజంగా పోలేదు. పోయాయని ఆవిడ నమ్మింది. నమ్మించినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే.

మా కంపెనీలో నలభై పవర్‌లూములు ఉండేవి. మగ్గాన్ని మా వైపు తరి అంటాం. ఒక్కో తరికి ఒక్కో నంబరు. తరి దిగిన గుడ్డ నేరుగా బయటికి పోదు. చెకింగ్ గదిలో ఒక పొడవాటి బల్ల ఉంటుంది. దాని పైన గాజు పలక, కింద ట్యూబులైట్లు. గుడ్డను ఆ వెలుతురు మీదుగా లాగుతూ పోతే తెగిన పోగో, ముడో, నూనె మరకో చీమంతదయినా కనిపిస్తుంది. కనిపించాలంటే చూసే కళ్ళుండాలి. మా దగ్గర ఆ కళ్ళు చెకింగ్ అక్కవి. ఆవిడను ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. ఆరేడేళ్ళు పెద్దవాణ్ణయినా నేను కూడా అక్కా అనేవాణ్ణి. తళవాయిపురం నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఇరవై రెండేళ్ళుగా అదే బస్సు, అదే బల్ల.

మా చెకింగ్ గదిలో ఒక పద్ధతి ఉండేది. చూసిన గుడ్డలో తప్పు లేకపోతే, చూసినవాళ్ళు దాని అంచుకు తమ రంగు దారం ఒకటి ముడివేస్తారు. అక్కది నీలం దారం. నీలం దారం పడిన గుడ్డను మళ్ళీ విప్పి చూసే ధైర్యం మా యజమానికి కూడా ఉండేది కాదు. ఒకసారి కొత్తగా చేరిన ఒక అమ్మాయి, తను చూసిన గుడ్డనే అక్క ముందు పెట్టి, "మీరూ ఒక తడవ చూడండక్కా" అంది. అక్క తలెత్తకుండానే, "నీ కంటికి ఏమయింది? నీ దారం నువ్వు కట్టుకో. ఇంకొకర్ని అడిగి కట్టేది ఒక దారమా?" అంది. ఆ అమ్మాయి మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఇక నా గొప్పతనం. మా యజమానిని అందరం ముదలాళి అంటాం. పెద్ద ముదలాళి పోయాక ఆయన కొడుకు కుర్చీలోకి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, చదువుకున్నవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను మామా అని పిలిచేవాడు. అతను ఒక మంచి కెమెరా కొని నా బల్ల మీద పెట్టాడు.

"ఇంక మీద కొనేవాళ్ళు ఫోటో చూసే కొంటారు మామా. ఈ వేల నువ్వే నేర్చుకోవాల."

మా ఊళ్ళో వేల అంటే పని. నేర్చుకున్నాను. ఫోటోలను టిఫ్ అనే రకం ఫైళ్ళుగా దాచేవాళ్ళం. ఒక్కోటి ఏనుగంత. మెయిలులో దూరదు, ఫోనులో తెరుచుకోదు. వాటిని జేపీజీలుగా మార్చి, కొలత కుదించి పంపాలి. అందుకు ఒక ఉచిత ప్రోగ్రాం దొరికింది. ఫోల్డరు చూపించి, ఏ రకం కావాలో, ఎంత చిన్నది కావాలో చెప్పి ఒక్క నొక్కు నొక్కితే, నేను టీ తాగి వచ్చేలోపు రెండు వందల ఫోటోలు చిన్నపిల్లల్లా వరసలో కూర్చుని ఉండేవి. ఆరు నెలలు తిరిగేసరికి కంపెనీ అంతా నా బల్ల దగ్గరే. ఒకరికి కొడుకు పరీక్ష దరఖాస్తుకు ఫోటో తగ్గించాలి, ఒకరికి రేషన్ కార్డు స్కాను మార్చాలి, ఒకరికి పెళ్ళిపత్రిక వాట్సాప్‌లో పంపేలా చేయాలి. ఫోటో మామ అని పేరు పడింది. టైపు మిషను రోజుల్లో నన్ను ఎవరూ ఇంతగా వెతుక్కుంటూ రాలేదు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం తల తిరిగింది.

ముదలాళి దగ్గర మా ఊరి జాతి తెల్లకుక్క ఒకటి ఉండేది. దాని ఫోటోలో వెనకభాగమంతా తీసేసి, కుక్క ఒక్కటే ఉండేలా ఎవరో చేసి ఇచ్చారు. నేను దాన్ని జేపీజీగా మార్చి కుక్కలవాళ్ళ గ్రూపులో పెట్టించాను. వెనక ఏమీ లేని చోటంతా కటిక నలుపైపోయింది.

"ఏం మామా, నా కుక్కను దయ్యం చేసి పెట్టినావే!" అని ముదలాళి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. మార్చేటప్పుడు లేనిది కూడా వచ్చి చేరుతుందని ఆ కుక్క ఆ రోజే చెప్పింది. నవ్వులో పడి నేను వినిపించుకోలేదు.

ఆ ఏడు వ్యాపారం బాగా పడిపోయింది. నలభై తరుల్లో సగం పడుకునే ఉండేవి. అలాంటప్పుడు బయటి దేశం నుంచి ఒక కొత్త కొనుగోలుదారు దొరికాడు. మేం ఎప్పుడూ నేసేదానికంటే పోగులు దగ్గర దగ్గరగా ఉండే రకం కావాలన్నాడు. ముందు కొంచెం నేసి పంపమన్నాడు, బాగుంటే ఏడాది పొడుగునా ఆర్డరు. ఆ గుడ్డను తొమ్మిదో తరి మీద నేశారు. అక్క రెండు రోజులు ఆ బల్ల దగ్గరనుంచి కదలకుండా చూసి, నీలం దారాలు కట్టింది. నేను ఒక ముక్కను బల్ల మీద పరిచి, పక్కన తొమ్మిది అని రాసిన చీటీ పెట్టి ఫోటో తీశాను. కొనేవాళ్ళ వెబ్‌సైటులో ఆ ఫోటో ఎక్కించాలి, వాళ్ళు చూసి సరే అంటేనే సరుకు ఓడ ఎక్కాలి. ఆ వెబ్‌సైటు మరీ పిసినారిది, చిన్న ఫైలు తప్ప తీసుకోదు. ఎప్పుడూ చేసేదానికంటే ఇంకా కుదించి ఎక్కించాను. గుడ్డ మూటలు లారీలో తూత్తుకుడి రేవుకు వెళ్ళిపోయాయి. కంపెనీలో మిగిలింది గుర్తుకోసం బీరువాలో దాచిన అరమీటరు ముక్క ఒక్కటే.

కుదించిన ఫోటోను నేను తెరిచి చూడలేదు. పెద్దది చూశాను కదా, చిన్నది మాత్రం వేరేగా ఎందుకుంటుంది అనుకున్నాను. మీరూ అలాగే అనుకుంటారు.

మూడో రోజు ఉదయం మెయిలు వచ్చింది. గుడ్డ నిండా వంకర చారలున్నాయి, పోగు సమంగా పడలేదు, సరుకు ఓడ ఎక్కించవద్దు అని. ఎవరికో పోవలసింది మాకు వచ్చిందనుకున్నాను. వెబ్‌సైటు తెరిచి మా ఫోటో చూశాను. రంపంతో కోసిన చెక్కమీద కనిపించే గీతల్లా, ఈ చివరనుంచి ఆ చివరదాకా, ముదురుగా లేతగా, వంపులు తిరిగి చారలు. ఒకటి రెండు కాదు, గుడ్డంతా అవే. లేచి వెళ్ళి ముదలాళికి చెప్పాను.

కాసేపట్లో ముదలాళి గదిలో నలుగురం చేరాం. అతను, నేను, తరులు బాగుచేసే ఫిట్టరు, చెకింగ్ అక్క. ముదలాళి బీరువాలోంచి ఆ అరమీటరు ముక్క తీసి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాడు. చాలాసేపు చూశాడు.

"ఇదో, లేసుగా తెలుస్తాంది చూడు" అన్నాడు. లేసుగా అంటే లీలగా.

ఫిట్టరు కళ్ళు చికిలించి తలూపాడు. "ఆమా ముదలాళీ. ఉండాది. అంచు పక్కన ఇంకా బాగా తెలుస్తాంది."

నేనూ చూశాను. ఒట్టు వేసి చెబుతున్నాను, నాకు కనిపించాయి. పల్చగా, వంపుగా, ఫోటోలో ఉన్నట్టే. కనిపించడంతో ఊరుకోలేదు. "ఫోటో తీసేటప్పుడే నాకు అనుమానం వచ్చినాది ముదలాళీ. అక్క దారం కట్టింది గదా అని ఊరుకున్నా" అన్నాను. ఆ మాట నా నోట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో ఈనాటికీ తెలియదు. అబద్ధం చెబుతున్నానని కూడా అప్పుడు అనిపించలేదు. అది గుర్తుకొస్తేనే నాకు ఇప్పటికీ భయం.

అక్క ముక్కను చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు పట్టింది, అడ్డంగా తిప్పింది, వేలితో పోగులు జరిపింది.

"నాకు ఏమీ కనబడలే ముదలాళీ."

"బాగా చూడక్కా."

"చూస్తానే ఉండా. తెగిన పోగు లేదు, ముడి లేదు. చారలు యాడుండాయి?"

నేను ఆవిడను ఆ గదిలోనే ఉన్న కంప్యూటరు దగ్గరికి పిలుచుకుని వెళ్ళాను. తెర మీద వేలుపెట్టి చూపించాను. "ఇది చార కాదా అక్కా? ఇదో, ఇది? ఇది?" చదువురాని పిల్లకు అక్షరాలు చూపించినట్టు ఒక్కో చార మీద వేలు నడిపించాను.

ఆవిడ తెరను చూసింది, చేతిలో ఉన్న గుడ్డను చూసింది, మళ్ళీ తెరను చూసింది.

"దీంట్లో ఉండాది సార్. గుడ్డలో లేదు."

ఉన్న నిజమంతా ఆ ఒక్క మాటలో ఉంది. గదిలో ముగ్గురు మగవాళ్ళం, ముగ్గురికీ చెవులున్నాయి. ఒక్కరం కూడా వినలేదు. ముదలాళి మంచివాడు, గొంతు పెంచలేదు. మెల్లగా, "అక్కా, కండ్లు చూపించుకుని ఎన్నాళ్ళయినాది?" అని అడిగాడు.

తిట్టి ఉంటే ఆవిడ ఎదురు తిరిగేది. జాలిపడేసరికి ఆ ముక్కను మడతపెట్టి బల్ల మీద ఉంచి వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి ఆవిడను గుడ్డ మడతలు పెట్టే చోటుకు మార్చారు. నీలం దారం ఉండ చెకింగ్ గదిలో మేకుకు అలాగే వేలాడుతూ ఉండేది. ఫిట్టరు తొమ్మిదో తరిని రెండు రోజులు విప్పదీశాడు. పోగుల్ని దువ్వెనలా విడదీసే పన్నెలో ఒక పన్ను వంగి ఉందని కనిపెట్టి, దాన్ని చేతిలో పట్టుకుని కంపెనీ అంతా తిరిగి చూపించాడు. "ఇదే దొంగ!" అన్నాడు. కొత్త పన్నె వేశాడు. అందరికీ ఊపిరి వచ్చింది. వెతికినవాడికి ఏదో ఒక తప్పు దొరకకపోదని ఆ వయసులో నాకు తెలిసి ఉండాల్సింది.

అక్క మదురై వెళ్ళి కంటి ఆసుపత్రిలో చూపించుకుని వచ్చింది. వయసుకు తగ్గట్టు దగ్గరివి చూడటానికి అద్దాలు చాలు, కళ్ళు బాగున్నాయి అన్నారట. ఆవిడ నమ్మలేదు. మడతల దగ్గర పనిచేసే అమ్మాయిలతో అంటుంటే నేను విన్నాను.

"డాక్టరు గోడ మీద అక్షరాలు చూపించినాడు. అక్షరాలు యారికైనా కనబడతాయి. నాకు కనబడంది చారలు గదమ్మా. నలుగురికి కనబడేది నాకు కనబడలేదంటే ఏదో పెద్ద సీక్కే అది. డాక్టరుకు చిక్కలేదు."

మా దగ్గర సీక్కు అంటే జబ్బు, యారు అంటే ఎవరు. డాక్టరు మాట కంటే నా ఫోటో మీద నమ్మకం ఎక్కువ ఆవిడకు. కంప్యూటరు అబద్ధం చెప్పదని ఊరంతా అనుకుంటున్న కాలం. అందులో నేనూ ఒకణ్ణి.

రెండు వారాలకు ముదలాళి ఒక ఆలోచన చేశాడు. "ఆ చారల ఫోటో పెద్దదిగా ప్రింటు తీసి చెకింగ్ గదిలో అంటించు మామా. చూసి నేర్చుకుంటారు."

చిన్న ఫైలును పెద్దది చేస్తే మసకబారుతుందని నాకు తెలుసు. అందుకని దాచి ఉంచిన టిఫ్ ఫైలు తెరిచాను. చారలు లేవు.

తప్పు ఫైలు తెరిచానేమో అనుకుని మూసి మళ్ళీ తెరిచాను. పక్కన తొమ్మిది అని నా చేత్తో రాసిన చీటీ ఉంది. అంచున అక్క కట్టిన నీలం దారం కూడా ఉంది. అదే ఫోటో. పోగు పక్కన పోగు, దువ్వినట్టు, నిలువునా అడ్డంగా సమంగా ఉంది. మౌసు చక్రం తిప్పి బొమ్మను కొంచెం చిన్నది చేశాను. గుడ్డ మీద అల ఒకటి లేచింది. ఇంకొంచెం తిప్పాను. అలలు దగ్గరయ్యాయి, వంపు మార్చాయి. పెద్దది చేశాను, మాయమయ్యాయి. చిన్నది చేశాను, వచ్చాయి. అలా ఎన్నిసార్లు తిప్పానో తెలియదు. తొమ్మిదో తరికి ఏ తప్పూ లేదు. ఆ చారలు నేసింది నేను.

ఎందుకలా అయిందో తర్వాత ఒక స్టూడియో ఆయన చెప్పాడు. రెండు దోమతెరలు ఒకదానిమీద ఒకటి వేసి చూడండి, అలలు కనిపిస్తాయి. విడివిడిగా ఏ తెరలోనూ అల ఉండదు. గుడ్డలో పోగుల వరసలు ఒక తెర, కంప్యూటరు బొమ్మలో చుక్కల వరసలు ఇంకో తెర. కుదించేటప్పుడు ఈ రెండూ పొసగక అలలు పుడతాయట. దానికి ఏదో ఫ్రెంచి పేరు కూడా చెప్పాడు, నాకు నోరు తిరగలేదు. మా పాత గుడ్డలో పోగులు ఎడంగా ఉండేవి, మేమూ అంత చిన్నగా కుదించే అవసరం పడలేదు. అందుకే అన్నాళ్ళూ బయటపడలేదు.

ఇప్పుడు నా సిగ్గుమాలినతనం వినండి. ఆ మధ్యాహ్నం నేను లేచి ముదలాళి గదికి పరుగెత్తలేదు. కంప్యూటరు ఆపి, టీ తాగి వచ్చి, ప్రింటరు పనిచేయడం లేదని చెప్పాను. ఫోటో మామ అనిపించుకున్న ముఖం నాది. దిగిపోవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది అనే లెక్క కూడా వేశాను. మీ దగ్గర దాచడం ఎందుకు?

సాయంత్రం బస్సు వేళకు ముందు అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో పోగులు కత్తిరించే చిన్న కత్తెర. చెకింగ్ వాళ్ళకు కంపెనీ ఇచ్చేది. ఆవిడది పిడి అరిగి వేలి ఆకారం పట్టేసింది.

"ఇది పెట్టుకోండి సార్. రేపటినుంచి రాను."

"ఎందుకక్కా?" అన్నాను. అడగడానికి నోరెలా వచ్చిందో!

"మడత పెట్టేటప్పుడు కూడా భయంగా ఉండాది సార్. మరక ఉండి నాకు కనబడకపోతే? ఆసుపత్రికి పోయే గుడ్డ గదా. యారి పుండుకో కట్టేది. నా కండ్లతో పాపం కట్టుకోలేను."

నేను ఏమన్నానో తెలుసా? "సరేనక్కా" అన్నాను. కత్తెర తీసుకుని సొరుగులో పెట్టాను. ఆవిడ రెండు చేతులూ జోడించి దండం పెట్టి వెళ్ళిపోయింది. ముప్పై మూడేళ్ళలో ఎన్నో వెధవ పనులు చేసి ఉంటాను. దీనికి సాటి వచ్చేది లేదు. ఆ దండం నన్ను నిలవనివ్వలేదు.

మర్నాడు పొద్దున ముదలాళి కారు దిగేసరికి వాకిట్లోనే నిలబడి ఉన్నాను. అతన్ని నా కంప్యూటరు దగ్గరికి తీసుకెళ్ళి ఫైలు తెరిచాను. చిన్నది చేశాను, పెద్దది చేశాను. అతను నా చేతిలోంచి మౌసు లాక్కుని తనే తిప్పి చూశాడు. చారలు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి.

"అట్లయితే గుడ్డ?"

"గుడ్డలో ఏమీ లేదు ముదలాళీ. నేను కుదించింది తప్పు."

"మనము చూసినామే మామా! ఆ ముక్కలో. నేను చూసినా, నువ్వు చూసినావు."

బీరువా తెరిచి ముక్క తీసి ఇద్దరం కిటికీ దగ్గర పట్టుకున్నాం. ఏమీ లేదు. రెండు వారాల కిందట మా కళ్ళతో చూసిన చారలు అందులో లేవు. ముదలాళి నా వైపు తిరిగాడు.

"ఫోటో తీసేటప్పుడే అనుమానం వచ్చినాది అంటివి గదా మామా?"

నేలవైపు చూశాను. ఫిట్టరును పిలిపించి చూపిస్తే అతను తల పట్టుకున్నాడు. "మరి నేను మాన్పింది ఏ రోగం ముదలాళీ?" అన్నాడు. ఇంకో రోజైతే నవ్వేవాళ్ళం.

రేవులో ఉన్న మూటల్లోంచి తీసిన గుడ్డ ముక్కనూ, పెద్ద ఫోటోనూ కొనుగోలుదారుకు పంపితే వారంలో జవాబు వచ్చింది. గుడ్డ బాగుంది, ఓడ ఎక్కించండి అని. ఏడాది ఆర్డరు కూడా వచ్చింది, పడుకున్న తరులు లేచాయి. వాళ్ళకు రాసిన ఉత్తరంలో ముదలాళి సాంకేతిక లోపం అని రాయించాడు. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే. లోపం పేరు ఏమిటో వేళ్ళకు బాగా తెలుసు.

కానీ అక్కకు ఎవరు చెప్పాలి? ముదలాళి కారు పంపి పిలిపిస్తానన్నాడు. వద్దన్నాను. వేలుపెట్టి చూపించినవాణ్ణి నేను. ఆదివారం పొద్దున కత్తెర, అరమీటరు ముక్క, రెండు ఫోటోల ప్రింట్లు సంచిలో పెట్టుకుని తళవాయిపురం బస్సెక్కాను.

అక్క ఇంటి అరుగు మీద ఆవిడ కోడలు చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. అక్క పక్కనే ఖాళీ చేతులతో కూర్చుని ఉంది, ముక్కు మీద కొత్త అద్దాలు. నన్ను చూసి లేచింది.

"రండి సార్. ఏమి ఇంత దూరం?" అని, నేను చేట వైపు చూడడం గమనించి, "నేను ఏరేది మానేసినా సార్. రాయి మిగిలిపోతే బిడ్డల పల్లు పోతుంది గదా" అంది.

ప్రింట్లు రెండూ ఆవిడ ముందు పరిచి, తెలిసినంత చెప్పాను. గుడ్డలో ఏమీ లేదు, ఫోటో కుదించడంలో వచ్చాయి, కుదించింది నేను, ఫోటో తీసేటప్పుడే చూశానన్నది కూడా ఉత్త మాట, నీ కళ్ళకు ఏ జబ్బూ లేదు అని. కోడలు చేట పక్కన పెట్టింది.

అక్క ఆ ముక్కను తీసుకుని అరుగు దిగి ఎండలో నిలబడింది. అద్దాలు తీసేసింది. వెలుతురుకు ఎత్తి, అడ్డంగా తిప్పి, వేలితో పోగులు జరిపి చూసింది. ముదలాళి గదిలో ఎలా చూసిందో అచ్చం అలాగే.

"దీంట్లో ఏమీ లేదు సార్" అంది.

"లేదక్కా."

"ఆ దినమే చెప్పినా గదా?"

"చెప్పినావు. తప్పు నాది. మన్నించక్కా."

ఆవిడ తిడుతుందని వచ్చాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆ గుడ్డను మడతపెడుతూ అంది.

"మీరు వేలుపెట్టి చూపించేటప్పుడు నాకు ఎట్లుండె తెలుసా సార్? ఆ దినంనుంచి దేన్ని చూసినా, ఇది ఉండాదా లేదా అనే ఉండాది. మనవరాలు ఎదురుగా నవ్వతా ఉంటే, పక్కనోళ్ళను అడగాల అనిపిస్తాంది. ఇప్పుడు మీరు వచ్చి ఏమీ లేదంటారు. నాకూ ఏమీ కనబడలే. మీరు చెప్పినందుకు కనబడలేదా, నిజంగానే లేదా? అది ఎట్ల తెలిసేది?"

కత్తెర తీసి ఆవిడ చేతిలో పెట్టాను. వేలు దానంతటదే పిడిలో తన చోటు వెతుక్కుంది.

ఆవిడ తిరిగి పనికి వచ్చింది. ముదలాళి అందరి ముందూ క్షమాపణ చెప్పి చెకింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అంతా మునుపటిలాగే అయిందని అందరూ అనుకున్నారు. నేను రోజూ కిటికీలోంచి చూసేవాణ్ణి. ఒక్కో గుడ్డను రెండుసార్లు లాగేది. నీలం దారం చేతిలోకి తీసుకునేది, ఆగేది. పక్క బల్ల అమ్మాయిని పిలిచేది. "ఇట్ల రా మా. నాకు ఏమీ కనబడలే. నీకు ఏమన్నా కనబడతాందా?" ఆ అమ్మాయి లేదంటేనే ముడివేసేది. ఇంకొకర్ని అడిగి దారం కట్టొద్దని మునుపు ఆవిడ ఏ అమ్మాయిని కసిరిందో, ఆ అమ్మాయే అది.

నేను కుదించిన ఫోటోకు అసలు ఫైలు డిస్కులో భద్రంగా ఉంది. ఎప్పుడంటే అప్పుడు తెరిచి మళ్ళీ మొదటినుంచి చేసుకోవచ్చు. పిల్లలూ, మీరు పంపే ప్రతి ఫోటోను మార్చాక ఒక్కసారి తెరిచి చూడండి. చూసినా, అది చూపించి ఒక మనిషి మీద వేలు పెట్టే ముందు ఆ మనిషి ఏం చెబుతున్నాడో వినండి. ముసలివాడి నీతి అనుకుంటే అనుకోండి. దీనికి నేను ఇచ్చిన వెల మీకు తెలియదు, ఆవిడ ఇచ్చింది అంతకంటే ఎక్కువ.

నేను దిగిపోయే రోజు కంపెనీ వాకిట్లో శాలువా కప్పారు, దండ వేశారు. అందరూ కలిసి ఫోటో దిగారు. "మామా, ఆఖరిసారి నీ చేత్తోనే చిన్నది చేసి గ్రూపులో పెట్టు" అన్నాడు ముదలాళి. చేశాను. చేశాక తెరిచి మూలమూలా చూశాను. ఫోను అందరి చేతులూ తిరిగి చివరికి అక్క దగ్గరికి వచ్చింది. ఆవిడ దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో ముఖం మీదా వేలు నడిపిస్తూ చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సార్, దీంట్లో నిజంగా లేనోళ్ళు యారన్నా ఉండారా?"

గొల్లున నవ్వారు అందరూ. అక్క భలే మాట అన్నదని ఫిట్టరు చప్పట్లు కొట్టాడు. ఆవిడ మాత్రం నవ్వడం లేదు, జవాబు కోసం నన్నే చూస్తోంది. నేను ఫోను తీసుకుని, ఆవిడ పక్కన నిలబడి, ఫోటోలో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే వాకిట్లో వెతికి చూపించాను. చివరికి ఆవిడ దగ్గరికి వచ్చేసరికి, ఫోటోలో ఉన్న తన ముఖం మీద వేలు పెట్టి, "ఇది?" అని అడిగింది.

"ఉండావక్కా" అన్నాను.